రెండు పిడికిళ్ళ ఊరు

పదకొండు మందిని మీరే చంపారు. తుపాను కాదు, మంచు కాదు, సముద్రం అసలే కాదు. కొండ మీద గుండ్రటి కప్పు కట్టుకుని, దానికి నావిక స్మృతి కేంద్రం అని పేరు పెట్టుకుని, చల్లగా కూర్చున్న మీరు చంపారు. తెలియని చోట తెలియదని రాయడానికి సిగ్గుపడి, ఉన్నదాన్నే తిరగేసి ఖాళీలో అతికించిన మీరు. మీ నివేదికలో "అనుకోని సాంకేతిక లోపం" అని ఒక్క ముక్క రాసి చేతులు కడుక్కున్నారు. ఆ ముక్క కింద నా తమ్ముడున్నాడు.

మీతోపాటు తప్పు చేసినవాళ్ళు ఇంకొకరున్నారు. ఆ పేరు కూడా చెబుతాను. ముందు జరిగింది జరిగినట్టు వినండి.

మాది గుల్లపేట, శ్రీకాకుళం ఒడ్డు. మా అయ్య మైలపిల్లి ఎర్రయ్య. ఆయన మా ఊరిని రెండు పిడికిళ్ళ ఊరు అంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగించి, సముద్రం అంచు మీద ఆనినట్టు పెట్టాలి. దాని మీద రెండో పిడికిలి. పై పిడికిలి అంచుకు కాస్త దిగువన ధ్రువచుక్క కనబడితే, ఎంత దూరాన ఉన్నా సరే, మా ఊరి వరసలో ఉన్నట్టే. అక్కడ పడమటికి తిప్పితే ఇల్లు. చుక్క కిందికి దిగిందంటే దక్షిణానికి జారిపోయావు. పైకి లేచిందంటే ఒడిశా వైపు పోతున్నావు. మా అయ్య బడి మొహం చూడలేదు. ఈ లెక్క మాత్రం ఆయనకు తలలో కాదు, ఒంట్లో ఉంది. పడవలో పడుకుని నిద్రపోతున్నా ఉత్తరం ఎటో ఆయన మెడకు తెలుస్తుంది.

దేశాలు ఒకదాని ఉపగ్రహాలను ఒకటి కొట్టుకున్న ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక ఉదయం మా బోట్లలో దారి చూపే పెట్టెలన్నీ గుడ్డివైపోయాయి. ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టెల్ని నమ్ముకుని బోటు నడిపిన సరంగులకు చుక్కల సంగతి తెలియదు. ఇరవై మూడు బోట్లు దారి తప్పాయి. మా అయ్య తన పాత తెరచాప పడవ వేసుకుని నాలుగు సార్లు వెళ్ళి, ఇరవై మూడింటినీ బాతుపిల్లల్లా వెంట తెచ్చాడు. పేపర్లో ఫోటో వేశారు. ఆ ఫోటో చూసుకునే మీరు మా ఇంటికి వచ్చారు.

వచ్చినామె డాక్టర్ సుభాషిణి. రాజమండ్రి మనిషి, మెత్తటి మాట. మా వాకిట్లో ఎండుచేపల చాపల మధ్య చోటు చూసుకుని కూర్చుంది. ముక్కు మూసుకోలేదు. అందుకే ఆమెను లోపలికి రానిచ్చాను.

"మీ నాన్నగారికి తెలిసింది ఇంకెవరికీ తెలియదండీ. అది ఆయనతో పోకూడదు," అంది.

"పోకుండా ఏటి సేస్తారు? ఉప్పేసి ఎండబెడతారా?" అన్నాడు మా అయ్య.

ఆమె నవ్వి, చేతిలో రూపాయి బిళ్ళంత పలక చూపించింది. మనిషి చుక్కల్ని చూసినప్పుడు తలలో ఏ మూల ఏం మెరుస్తుందో పట్టుకునే వలటోపీ ఒకటి వాళ్ళు తయారు చేశారట. పట్టిన మెరుపును ఈ బిళ్ళలోకి ఎక్కిస్తారట. బిళ్ళను ఇంకొకడి చెవి వెనక, చర్మం కింద పెడితే, వాడు ఆకాశం చూడగానే మా అయ్యకు కలిగే లాగుడే వాడి మెడలోనూ కలుగుతుందట. కేంద్రం దానికి పెట్టిన పేరు వేరే ఉంది. మా ఊళ్ళో అందరూ తాడు అన్నారు. మెడకు తాడు కట్టి ఇంటికి లాగినట్టు ఉంటుంది కనక తాడు.

నలభై రోజులు కొండ మీద ఉన్నాం. మా అయ్య మాట ఆమెకు సగం అర్థం కాదు, ఆమె మాట ఈయనకు సగం అర్థం కాదు. అందుకని మధ్యలో నేను. బయట మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుంటే ఆ గుండ్రటి కప్పు కింద చీకటి చేసి, చుక్కలన్నీ పైన వెలిగించేవారు. వలటోపీ పెట్టుకుని మా అయ్య వాలుకుర్చీలో పడుకునేవాడు.

"ఎర్రయ్యగారూ, ఊరికే చూడండి చాలు. ఏమీ ఆలోచించొద్దు."

"ఆలోసించకుండా సూడ్డం సేపకైనా సేతకాదు డాట్రమ్మా."

మేం ముసలమ్మ మంచం అనే సప్తర్షి మండలం తిరిగింది. పిల్లలకోడి అనే కృత్తికలు లేచాయి. ధ్రువచుక్క రెండు పిడికిళ్ళ ఎత్తున నిలబడింది. పక్క గదిలో తెరల మీద గీతలు ఎగిరిపడుతుంటే చదువుకున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అయ్యకు నవ్వొచ్చింది. "నా బుర్రలో ఇంత దీపావళి ఉందని నాకే తెల్దు," అన్నాడు.

పంతొమ్మిదో రోజు ఆకాశాన్ని తిప్పారు. దక్షిణం వైపు చుక్కలు మా ఎదుటికి వచ్చాయి.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. వైశాఖ మాసంలో పొద్దుగూకాక మా ఒడ్డు నుంచి దక్షిణంగా చూస్తే, సముద్రానికి కాస్త పైన నాలుగు చుక్కలు కనబడతాయి. మేం వాటిని పాడెచుక్కలు అంటాం. నలుగురు మోస్తున్న పాడె. వాటి వైపు తేరిపార చూస్తే ఆ ఏడు ఇంట్లోంచి పాడె లేస్తుందని నమ్మకం. పడవలో ఉన్నప్పుడు అవి ఎదురైతే సరంగు కళ్ళు మూసుకుంటాడు, లేకపోతే తల తిప్పుకుంటాడు. వందల ఏళ్ళ అలవాటు. మా అయ్య ఒంటికి ఉత్తరం ఎంత తెలుసో, దక్షిణం నుంచి కళ్ళు తిప్పుకోవడం అంతే తెలుసు.

ఆ కప్పు కింద దక్షిణం రాగానే మా అయ్య కళ్ళు మూసుకున్నాడు. చీకట్లో ఎవరూ చూడలేదు. పక్క కుర్చీలో ఉన్న నేను చూశాను. ఆరు రోజులు వాళ్ళు దక్షిణాకాశం తిప్పారు. ఆరు రోజులూ ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాస్తాను. ఎండుచేపలు చుట్టిన పేపరు ముక్కలు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. మూఢనమ్మకాలు పాతరేయండి అని ఊరూరా గొంతు చించుకున్నదాన్ని. ఆ తెల్లకోట్ల పిల్లల ముందు మా అయ్య పాడెచుక్కలకు భయపడుతున్నాడని చెప్పడానికి నాకు సిగ్గేసింది. "ఇదేనా మీ విజ్ఞానం?" అని వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారని భయమేసింది. అందుకే ఊరుకున్నాను. నా పేరు దండాసమ్మ. మొదట చెబుతానన్న రెండో పేరు అదే.

ఇప్పుడు మీ వంతు. తెరల మీద దక్షిణం వైపు గీతలు లేవలేదని మీకు తెలుసు. ఎందుకు లేవలేదని ముసలాయన్ని ఒక్క మాట అడిగారా? యంత్రం సరిగా పట్టలేదనుకున్నారు. మంత్రిగారు వచ్చే తేదీ ఖాయమైపోయింది. ఆకాశం గుండ్రటి బంతే కదా, పై సగం మన దగ్గర ఉంది కదా అని, ఉత్తరాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పి దక్షిణంలో నింపేశారు. పరీక్షలన్నీ మన సముద్రంలోనే చేశారు. మన సముద్రంలో ధ్రువచుక్క ఉంటుంది. తాడు దాన్నే పట్టుకుంటుంది. నూటికి నూరు మార్కులు!

నా తమ్ముడు కోదండు తాడు వేయించుకుని వచ్చిన రోజు ఇంట్లో పండగే. చెవి వెనక రెండు కుట్లు. చీకటిపడగానే ఒడ్డుకు పరిగెత్తి ఆకాశం చూసి కేక పెట్టాడు.

"అప్పా! లాగుతందే! అయ్య నా మెడ మీద సెయ్యేసి తిప్పినట్టే ఉందే!"

వాడి పెళ్ళాం గౌరమ్మ వాడి కళ్ళకు గుడ్డ కట్టి, ఇసకలో పది చుట్లు తిప్పి, గుడ్డ తీసింది. వాడు పైకి ఒక్క చూపు చూసి టక్కున ఉత్తరానికి తిరిగి నిలబడ్డాడు. అందరూ ఈలలు వేశారు.

"ఇంటికి దారి మరిసిపోయినాననే సాకు ఇంక సెల్లదు మావా," అంది గౌరమ్మ.

మా అయ్య మాత్రం వాడి చెవి వెనక కుట్లు నిమిరి చూసి, "ఇరవయ్యేళ్ళు నేర్పినా నేర్సుకోనేదు ఎదవ. రెండు కుట్లకి వొచ్చీసింది," అన్నాడు. ఆ గొంతులో కోపముందో ముచ్చటుందో నాకు ఈనాటికీ తెలియదు.

మాఘంలో బయల్దేరారు. మన నీళ్ళలో చేప అయిపోయింది కనక, భూమధ్యరేఖ దాటి ఎక్కడో భూగోళం అడుగున, చల్లటి సముద్రంలో వేటకు చేపల కంపెనీ పంపింది. పెద్ద ఓడ ముందు, పన్నెండు బోట్లు వెనక. మా వాడి బోటులో పదకొండు మంది. పదకొండు మంది తలల్లోనూ మా అయ్య.

వెళ్ళేటప్పుడు పెద్ద ఓడ దీపం చూసుకుంటూ వెళ్ళారు కాబట్టి తాడుతో పని పడలేదు. ఓడ రేడియోలో కోదండు కబుర్లు వచ్చేవి. కంపెనీ గుమస్తా కాగితం మీద రాసి పంపేవాడు. ధ్రువచుక్క ఒక పిడికిలికి దిగిందట. తర్వాత రెండు వేళ్ళ ఎత్తు. తర్వాత నీళ్ళలో మునిగిపోయింది. దాని వెనకే ముసలమ్మ మంచం కూడా మునిగింది. "అయ్యకు సెప్పండి, మన సుక్కలు ఇక్కడికి రావు. ఇక్కడోళ్ళ సుక్కలు ఏరే," అని ఒక కాగితం. మరో కాగితంలో, "సందమామలో కుందేలు తలకిందులుగా ఉంది. గౌరికి సెప్పండి, నవ్వుతాది."

గౌరమ్మ నవ్వింది. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చంద్రుణ్ణి చూసి మళ్ళీ నవ్వింది.

ఇంకో కాగితం వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. "ధ్రువచుక్క మునిగిన రేతిరి అందరికీ తల తిరిగింది. వాంతులు. ఓడ డాక్టరు కెరటాల వల్లే అన్నాడు. తెల్లారేసరికి సర్దుకుంది."

సర్దుకుంది! పట్టుకునే చుక్క పోయాక తాడు గాలిలో కొట్టుకుని, మీరు అద్దంలో తిప్పి పెట్టిన దొంగ ధ్రువాన్ని పట్టుకుంది. ఉత్తరం దక్షిణమైంది. దానికే పదకొండు తలలు తిరిగాయి. తిరిగి, సర్దుకున్నాయి.

వేట ముగిసి బోట్లు నిండాయి. పెద్ద ఓడకు వేరే రేవులో పని పడి ముందే వెళ్ళిపోయింది. తాళ్ళున్నాయి కదా, ఎవరి దారిన వాళ్ళు వచ్చేస్తారని వదిలేసింది. మిగిలిన పదకొండు బోట్లకు దోవలో ఒక విదేశీ ఓడ ఎదురై, వెనక్కి పోతున్నారని చెప్పి మళ్ళించింది. మా వాడి బోటు ఒక్కటే ముందు రోజు బయల్దేరి వాళ్ళకు తప్పిపోయింది.

ఆ సంగతి తెలిసిన రోజు సుభాషిణి జీపు పంపి మమ్మల్ని కొండ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ దూరపు రేడియో ఉంది. పొద్దుగూకే వేళకు కోదండు గొంతు దొరికింది. నూతిలోంచి వచ్చినట్టుంది.

"అప్పా! ఇంటికొచ్చీస్తన్నాం! తొమ్మిది రోజులైంది బయల్దేరి."

"ఎలాగుందిరా?"

"సలి అప్పా. ఇంటికొస్తుంటే ఎచ్చబడాలి కదా. రోజు రోజుకీ సలి ఎక్కువైపోతంది. రేతిరి నీళ్ళ మీద తెల్లటి గెడ్డలు తేలుతూ కనబడినాయి."

సుభాషిణి మైకు లాక్కుంది.

"కోదండూ, సూర్యుడు ఏ పక్కన ఉదయిస్తున్నాడు?"

"ఎడం పక్కనమ్మా. ఉత్తరానికి పోతంటే కుడి పక్కన కదా పొడవాలి? నానూ అదే అన్నాను. మావోళ్ళు ఏటన్నారంటే, ఇక్కడ సందమామ తలకిందులు, మూడు సుక్కల వరస తలకిందులు, పొద్దు మాత్రం ఏల తిన్నగుంటాది? ఇది పెపంచానికి అవతలి పక్క, అన్నీ తిరగబడే ఉంటాయి అన్నారు."

"బోటులో దిక్సూచి ఉంది కదా!"

"ఉందమ్మా, మనూరి రేవులో కొన్నది. ఇక్కడికొచ్చేసరికి ముల్లు తల వాల్చీసింది. అద్దానికి రాసుకుని కదలడం నేదు."

మన వైపు నీళ్ళకు తూచి చేసిన ముల్లు దక్షిణపు సముద్రంలో వాలిపోతుంది. ఆ సంగతి అప్పుడు ఆమె నాకు చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె మా అయ్య వైపు తిరిగింది. "పెద్దాయనా, దక్షిణం చుక్కలు చూపించినప్పుడు మీకు ఏమనిపించింది?"

మా అయ్య నా వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"నాను సూడ్నేదమ్మా. కళ్ళు మూసుకున్నాను. పాడెసుక్కలు సూడకూడదు."

"మేం నింపేశాం," అంది సుభాషిణి. "ఖాళీ ఉంచడం బాగుండదని నింపేశాం. వద్దని నేను కాగితం రాశాను. రాసి ఊరుకున్నాను."

రాసి ఊరుకున్న మనిషి ఒకరు, చూసి ఊరుకున్న మనిషి ఒకరు. ఆ గదిలో ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం.

మా అయ్య లేచి మైకు దగ్గరికి వచ్చాడు. పెద్దగా అరిస్తేనే వినబడుతుందనుకున్నాడు. దూరం కదా మరి.

"ఒరే కోదండూ! నువ్వు ఎనక్కి పోతన్నావురా! బోటు తిప్పు! ఆకాశంలో పాడెసుక్కలు కనబడతన్నాయా?"

"అయ్యా, నువ్వే కదా వాటి పేరెత్తకూడదన్నావు?"

"ఇప్పుడెత్తుతన్నాను. ఇను. మా అయ్య నాకు ఒక్కపాలే సెప్పినాడు, తుపానులో. పీనుగును పడుకోబెడితే తల ఎటు పెడతాం? దక్షిణానికి. ఆ నాలుగు సుక్కల్లో బాగా మెరిసేదే తల. పాడె పొడుగునా గీత గీసుకో. తల ఎటుందో అటు దక్షిణం. దానికి ఈపు పెట్టు. ఈపు పెట్టి రారా అయ్యా!"

డెబ్బయ్యేళ్ళుగా తెలిసి కూడా నాలుక మీదికి రానివ్వని మాట. ఆ ఆరు రోజుల్లో ఒక్కసారి కళ్ళు తెరిచి ఉంటే ఆ మాట తాడులో ఉండేది.

"కనబడతన్నాయి అయ్యా. నడినెత్తికి దగ్గర్లో ఉన్నాయి. కానీ నా మెడ ఒప్పుకోడం నేదు. అదే ఉత్తరం అంటంది. గట్టిగా లాగుతంది. అయ్యా, తలలో ఉన్నదీ నువ్వే. రేడియోలో ఉన్నదీ నువ్వే. నాను ఏ అయ్య మాట ఇనాలి?"

మా అయ్య మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. ఏ అయ్యను వద్దనాలో ఆయనకు మాత్రం ఏం తెలుసు? వాడి తలలో ఉన్నది ఆయన బతుకంతా. ఇరవై మూడు బోట్లను ఇంటికి తెచ్చిన నమ్మకం. దాన్ని అబద్ధం అనడం మా అయ్యకు చేతకాలేదు. రేడియో బరబరమంది, గొంతు పోయింది.

మర్నాడు అదే వేళకు మళ్ళీ దొరికింది. ఈసారి గొంతు బొంగురుగా ఉంది.

"అయ్యా, నా వంతులో తిప్పుతన్నాను. పాడెకు ఈపు పెట్టే నడుపుతన్నాను. నాను పడుకోగానే మావోళ్ళు మళ్ళీ తిప్పేస్తన్నారు. ఆళ్ళ తప్పు కాదయ్యా, ఆళ్ళ మెడల్లోనూ నువ్వే ఉన్నావు. పది మంది అయ్యలు ఒక పక్క, నువ్వొక్కడివీ ఒక పక్క."

సుభాషిణి అరిచింది. "కోదండూ, చుక్కలు కనబడకపోతే తాడు లాగదు! నాలుగైదు రోజులు ఎవరూ ఆకాశం చూడకుండా ఉండండి! పగలు సూర్యోదయాన్ని కుడి వైపు పెట్టుకుని నడపండి!"

"ఏటీ? ఇనబడ్డం నేదు..."

"కళ్ళు మూసుకోరా!" అన్నాడు మా అయ్య. కళ్ళు మూసుకుని మమ్మల్ని ఇంత దాకా తెచ్చిన మనిషి, ఆ మాటే మళ్ళీ అరిచాడు. "సుక్కల్ని సూడకండ్రా! కళ్ళు మూసుకోండి!"

అది అవతలికి చేరిందో లేదో తెలియలేదు. గౌరమ్మ మైకు అందుకుని "మావా" అంది. అవతల సముద్రం చప్పుడు ఒక్కటే. తర్వాత అదీ లేదు.

పది రోజులు ఆ గదిలోనే పడి ఉన్నాం. డీజిలు ఎప్పటికి అయిపోతుందో లెక్క వేసుకుంటూ. ఒకడి వంతులో ఇంటికి, పది మంది వంతుల్లో మంచుకు. ఎన్ని మైళ్ళు ముందుకు, ఎన్ని మైళ్ళు వెనక్కి. ఆ తర్వాత లెక్క మానేశాం. ఇంటికి వచ్చి చేపలు ఎండబెట్టాం. ఏం చేస్తాం? కాకుల్ని తోలాం, చాపలు తిరగేశాం. గౌరమ్మ బొట్టు తీయనంది. కర్మ చేయడానికి మా అయ్య ఒప్పుకోలేదు. పీనుగు లేకుండా పాడె లేవకూడదన్నాడు.

మార్గశిరంలో కబురొచ్చింది. అక్కడ అప్పుడు ఎండాకాలమట, మంచు కరుగుతుందట. మంచు అంచున ఏదో దేశం పరిశోధన ఓడకు బోటు దొరికింది. లోపల ఎవరూ లేరు. మనుషులు ఏమయ్యారో తెలియదు, చిన్న పడవ కూడా లేదు. వాళ్ళు తీసిన ఫోటో ఒకటి సుభాషిణి పట్టుకొచ్చింది. అప్పటికి ఆమె ఉద్యోగం మానేసింది. గుమ్మం బయటే నిలబడింది. ఈసారి నేను లోపలికి రమ్మనలేదు. గౌరమ్మే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఫోటోలో మా వాడి బోటు సరంగు గది. ముందు అద్దం, పక్క అద్దాలు, పైకప్పులోని చిన్న కిటికీ, అన్నిటికీ నల్లగా తారు పూసి ఉంది. బోటు అడుగుకు పూసే తారు. చేత్తో పూసినట్టున్నాడు, వేళ్ళ జాడలు కనబడుతున్నాయి. కుడి పక్క అద్దంలో మాత్రం అరచెయ్యంత చోటు వదిలేసి ఉంది. పొద్దు పొడుపు చూడ్డానికి.

మా అయ్య ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేళ్ళ జాడల మీద తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు.

"ఇన్నాడు," అన్నాడు. "ఆడు నా మాటే ఇన్నాడు. తలలో ఉన్నోడి మాట కాదు. నా మాట."

ఆ రోజే గౌరమ్మ బొట్టు తీసింది.

ఆ తర్వాత మా అయ్య నన్ను ఒక్కటంటే ఒక్క మాట అడగలేదు. పక్క కుర్చీలో నువ్వున్నావు కదే, నాను కళ్ళు మూసుకోడం సూసినావు కదే అని అడగలేదు. అడిగితే బాగుండేది. అడగలేదు గనకే ఇవాళ అందరి ముందూ రాస్తున్నాను. నేను చూశాను. సిగ్గుపడి నోరు మూసుకున్నాను. నా తమ్ముడి చావులో నాకూ పాలుంది. నన్ను ఏ బోనులో నిలబెడతారో నిలబెట్టండి, వస్తాను. పక్క బోనులో మాత్రం మీరుండాలి.

ఎందుకంటే మీరు ఆగలేదు. ఇప్పుడు మళ్ళీ వైశాఖం. రేవులో పద్నాలుగు బోట్లు రంగులేసుకుని నిలబడ్డాయి. సోమవారం బయల్దేరతాయి. నూట యాభై నాలుగు మంది. అందరి చెవుల వెనకా అవే కుట్లు. కొత్త తాడులో దక్షిణాకాశాన్ని "పుస్తకాల నుంచి సరిచేసి నింపాం" అని మీరు పేపర్లో వేయించారు. మళ్ళీ నింపారు! ఆ ఆకాశం కింద ఒక్క రాత్రి నిలబడిన మనిషిని ఒక్కణ్ణి అడిగారా? అక్కడి ఒడ్డుల మీదా జాలర్లున్నారు. వాళ్ళకూ అయ్యలున్నారు. వాళ్ళకు ధ్రువచుక్క తెలియదు, మాకు వాళ్ళ చుక్కలు తెలియవు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? తెలియకపోవడం చంపదు. తెలియనిదాన్ని తెలిసినట్టు మెడకు కట్టడం చంపుతుంది.

సోమవారం లోపల ఆ నూట యాభై నాలుగు బిళ్ళలూ తీయండి. రెండు కుట్లతో పెట్టారు కదా, రెండు కుట్లతో తీయండి. అక్కడి ఆకాశం ఒంటికి పట్టిన సరంగును ప్రతి బోటుకూ ఒకణ్ణి తెచ్చి ఎక్కించండి. దొరకకపోతే బోట్లు ఆపండి. మీకు తాడు కట్టాలని అంత ముచ్చటగా ఉంటే, తెలియని నీళ్ళలోకి రాగానే వదులైపోయే తాడు కట్టండి. "ఇక్కడ నాకు తెలియదు, దిక్సూచి బాగుచేసుకో, పొద్దు చూసుకో, మనిషిని అడుగు" అని వదిలేసే తాడు. ఆ ఖాళీని ఖాళీగా ఉంచండి. పదకొండు మంది పేర్లు రాయడానికి ఆ చోటు సరిపోతుంది.

మీ సమాధానం కోసం మేం కేంద్రం గేటు దగ్గర కూర్చోం. రేవులో, లంగరు తాళ్ళ మీద కూర్చుంటాం. గౌరమ్మ ఉంటుంది, నేనుంటాను, గుల్లపేట ఆడవాళ్ళందరూ ఉంటారు. బోటు కదలాలంటే ముందు మమ్మల్ని కదపాలి.

మా అయ్య కూడా వస్తాడు. రోజూ పొద్దుగూకగానే ఆయన ఒడ్డున కూర్చుని దక్షిణానికి చూస్తున్నాడు. నాలుగు చుక్కలు నీళ్ళ మీద లేచి నిటారుగా నిలబడేదాకా, మళ్ళీ ఒరిగి దిగిపోయేదాకా చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు. ఇంక ఆయన ఇంట్లోంచి ఏ పాడె లేవాలని భయపడాలి?

ఆయన చూస్తున్నాడు. మీరూ చూడండి. సోమవారం లోపల.